నోట్లో దారం

అత్తగారు సూట్‌కేసు మీద కూర్చుంది. ఊరికే కూర్చోలేదు. కొంగు నడుముకు బిగించి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎవరొచ్చి లేపుతారో చూస్తానన్నట్టు కూర్చుంది.

"లేమ్మా. పడవ వెళ్ళిపోతుంది," అన్నాడు కొడుకు.

"వెళ్ళనీ."

బస్సు డిపోలో టైంకీపరు ఉద్యోగం కొడుకుది. ఏ బండి ఎప్పుడు కదలాలో చెప్పడం, కదలకపోతే డ్రైవర్ల మీద ఎగరడం, ఇదే అతని బతుకు. అలాంటివాడికి కన్నతల్లే "వెళ్ళనీ" అంటే ఎవరి మీద ఎగరాలో పాలుపోలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి రేవుకేసి చూశాడు. వెనక్కి వచ్చి వాచీ చూసుకున్నాడు. మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

అతని భార్య తలుపు దగ్గర ఒక కాలికి బూటు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని నిలబడిపోయింది. హైస్కూల్లో జాగ్రఫీ టీచరు ఆవిడ. మొగుడు ముద్దొచ్చినప్పుడూ అట్లాసూ అనే పిలుస్తాడు, ఒళ్ళు మండినప్పుడూ అట్లాసూ అనే పిలుస్తాడు. ఇప్పుడు మాత్రం ఏమీ అనకుండా ఆమె మొహం చూశాడు. అత్తాకోడళ్ళ మధ్య దూరకూడదన్న తెలివి అతనికి పెళ్ళయిన కొత్తలోనే వచ్చింది.

కిటికీలోంచి అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. కింద రేవు, రేవులో తెల్లపడవ, నీళ్ళకి అవతల దీవిలో నెత్తిన పొగ చుట్టుకుని నిప్పులకొండ. ఆ దీవికి వారానికి ఒక్కటే పడవ. అది ఈ పూటే. వచ్చే వారం పడవ కదిలేనాటికి వీళ్ళు మూడు దేశాలు దాటి ఇంట్లో ఉంటారు.

పిల్లలకి ఆ కొండని టీచరు ఎన్నేళ్ళుగా బోర్డు మీద గీస్తోందో లెక్కలేదు. నల్ల బోర్డు మీద తెల్ల సుద్దతో కొండ, కడుపులో ఎర్ర సుద్దతో నిప్పు, పైన చేత్తో తుడిచిన పొగ. ప్రతి ఏడాదీ వెనక బెంచీ నుంచి ఒకటే ప్రశ్న. "మీరు చూశారా టీచర్?" లేదు అనగానే క్లాసు క్లాసంతా కాస్త చల్లబడేది. చూడనిదాన్ని ఇంత గట్టిగా ఎలా చెప్తోందీవిడ అన్నట్టు ఉండేవి ఆ మొహాలు. ఈ ఏడు సెలవులిచ్చే రోజున "వెళ్ళొస్తాను, వచ్చి చెప్తాను" అనేసింది. అక్కడి రాయి ఒకటి తెమ్మన్నారు. తెస్తానంది.

ఇప్పుడు ఆ రాయికీ ఆమెకీ మధ్య అత్తగారు కూర్చుంది.

అంతా ఈ గది అద్దెకిచ్చిన ఇంటావిడ వల్ల వచ్చింది. వీళ్ళు సామాన్లు సర్దుకుని దిగబోతుండగా ఆవిడ మెట్లెక్కి, ఆయాసపడుతూ వచ్చి, టీచరు చేతిలోని ఫోనులో ఏదో గబగబా మాట్లాడింది. మాటల్ని ఆ భాషలోంచి ఈ భాషలోకి మార్చే ఏర్పాటుంది ఆ ఫోనులో. అది దానికి అలవాటైన చప్పటి గొంతుతో చెప్పింది: "గుండీల ఆవిడ ఎదురు చూస్తోంది. వీధి మొత్తం ఎదురు చూస్తోంది. మీరు ఎందుకు రాలేదు?"

గుండీల ఆవిడంటే నిన్నటి ముచ్చట. గాలికి కొట్టుకుని కొట్టుకుని అత్తగారి కోటు గుండీ ఊడిపోతే, మెట్ల సందులో చిన్న కొట్టు కనిపించింది. లోపల నేల నుంచి కప్పు దాకా గుండీల డబ్బాలే. వాటి మధ్య వత్తుగా తెల్లజుట్టున్న ముసలావిడ. ఆవిడ సూది తీసి కుట్టబోతే అత్తగారు ఇటివ్వమంది. ఊరంతటికీ జాకెట్లు కుట్టిన చెయ్యి కదా, ఊరుకోదు. కుట్టడం అయ్యాక గుండీ కింద దారాన్ని చుట్లు చుట్టి బిగించి ముడేసింది. అది చూసి ముసలావిడ ఒక్క అరుపు అరిచి, తన సొంత కోటు గుండీ పైకెత్తి చూపించింది. దాని కింద కూడా అవే చుట్లు. ఆ తర్వాత ఇద్దరూ సూదులు తీసి ఎడమ భుజం మీద గుచ్చుకున్నారు. గుచ్చుకుని ఒకరినొకరు చూసుకుని పడీపడీ నవ్వారు. ఒక్క మాట తెలియని ఇద్దరు ఆడవాళ్ళు పొద్దుగూకేదాకా కబుర్లాడడం టీచరు పక్కన నిలబడి చూసింది. తన అట్లాసులో సముద్రాల లోతులున్నాయి, కొండల ఎత్తులున్నాయి, ఇది లేదు.

బయల్దేరేటప్పుడు అత్తగారే ఫోనులో సెలవు తీసుకుంది. ముసలావిడ అడిగినదాన్ని ఫోను "ఎప్పుడు?" అని మాత్రం చెప్పింది. ఎప్పుడు ప్రయాణం అంటోంది కాబోలనుకుని, టీచరు రేపు పొద్దున్నే అని చెప్పింది. ముసలావిడ చప్పట్లు కొట్టి ఇద్దరి బుగ్గలూ పుణికింది. వీళ్ళు ప్రయాణం కడుతుంటే అంత సంతోషమెందుకో అప్పుడు తట్టలేదు.

టీచరుకి ఇప్పుడు తట్టింది.

"అత్తయ్యా, నిన్న వెళ్ళొస్తాం అన్నారు కదా. ఈ ఫోనుకి మర్యాద తెలీదు. వెళ్తారు, మళ్ళీ వస్తారు అని ఉన్నదున్నట్టు చెప్పేసి ఉంటుంది. ఎప్పుడొస్తారని ఆవిడ అడిగితే రేపు పొద్దున్నే అన్నాన్నేను."

"వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తాం అనక ఇంకేమంటారు?"

ఈ ఊరివాళ్ళు వెళ్తున్నాం అనే అంటారని టీచరు చెప్పింది. అత్తగారు చెవులు మూసుకుంది. ఊళ్ళో ఇంతమంది పొద్దున్నే లేచి, ఇంటి గడపలో నిలబడి, నోరారా పోతున్నాం పోతున్నాం అనుకుంటారా అని ఆశ్చర్యపోయింది. పైగా ఏమీ కాకుండా సాయంత్రానికి ఇంటికెలా చేరుతున్నారో ఆవిడకి అంతుపట్టలేదు.

టైంకీపరుకి సందు దొరికింది. అది మర్యాదకి అన్న మాటేనని తేలిపోయింది కాబట్టి, ఇంటావిడతో కబురు చెప్పించేసి మనం పడవెక్కేద్దాం అన్నాడు. తల్లి వినలేదు. మర్యాదకి అన్నా, మామూలుగా అన్నా, అన్నది తన నోరు అంది. అతనికి ఒళ్ళు మండింది.

"నీ కుట్టు కొట్లో రేపు రండి, రేపు రండి అని ఎంతమందిని తిప్పలేదమ్మా? ఇవాళ్టికి ఇవాళ మాట మీద ఇంత పట్టింపొచ్చిందా నీకు?"

అత్తగారు కోటు గుండీని వేలితో తిప్పుతూ ఉంది.

"తిప్పాను," అంది చివరికి. "అందుకే చెప్తున్నా. రేపన్న మాట నమ్మి, పొద్దున్నే తయారై వచ్చినవాళ్ళ మొహం ఎలా ఉంటుందో నేను చూసినంత మీరెవరూ చూడలేదు."

కింద రేవులో పడవవాడు ఇంజను ఒకసారి రాజేసి చూసుకున్నాడు. ఆ చప్పుడుకి టీచరు కిటికీకేసి చూసింది. అత్తగారి మీద కోపమొచ్చింది, రేపు అన్న తన నోటి మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. ఆ కోపంలోనే అనేసింది.

"మీకు మీ గుండీ దొరికింది అత్తయ్యా. నాకు నా కొండ దొరకద్దా?"

ఇన్నేళ్ళ కాపురంలో అత్తగారి ఎదట ఆమె గొంతు అలా ఎప్పుడూ లేవలేదు. టైంకీపరు వాచీలోకి తల దూర్చేశాడు. అత్తగారు కోడలి వంక, కోడలి చేతిలోని బూటు వంక, కిటికీలోని కొండ వంక వరసగా చూసింది. చూసి లేచింది.

"రెండో బూటు వేసుకో. ఆవిడకో మాట చెప్పి అట్నుంచి అటే పడవెక్కుదాం."

ఇక చూడాలి ఆ పరుగు. టైంకీపరు సూట్‌కేసులు రెండు చంకలా ఇరికించుకుని రేవుకి పరిగెత్తాడు. బస్సు ఆపడం తెలిసినవాడు పడవ మాత్రం ఆపలేడా అన్నది అతని ధీమా. అత్తాకోడళ్ళు మెట్ల సందులోకి దూరారు. ఇటూ అటూ ఇళ్ళకి కట్టిన తాళ్ళ మీద దుప్పట్లు రెపరెపలాడుతున్నాయి. రొట్టెల కొట్టులోంచి వెచ్చటి వాసన వీధి మధ్య దాకా వచ్చి నిలబడింది. మోకాళ్ళు పట్టేశాయని ఊరు కదిలినప్పటి నుంచీ మూలిగే అత్తగారు మెట్లు చకచకా ఎక్కేస్తోంది. టీచరు ఆవిడ వెనకే పరిగెడుతోంది. భయమో సంబరమో తేల్చుకునే తీరిక లేదు.

మలుపు తిరిగేసరికి వీధంతా గుమ్మాల్లోనే ఉంది. పిండి చేతులతో రొట్టెలావిడ, మెడలో తువ్వాలుతో క్షురకుడు, సగం గడ్డం గీయించుకుని అతని వెనకే ఒక పెద్దమనిషి. అత్తాకోడళ్ళని చూడగానే వాళ్ళందరూ ఒక్కసారి గుండీల కొట్టు వైపు తిరిగి కేకేశారు.

కొట్టు మూసి ఉంది. బల్ల వేయలేదు, కుర్చీలు వేయలేదు, వచ్చేవాళ్ళకి విందేమీ లేదు. తలుపు ముందు ముసలావిడ నిలబడి ఉంది. ఇస్త్రీ మడత నలగని నీలం కోటు, నెత్తి మీద టోపీ, మొహం కనిపించేలా తుడిచిన బూట్లు. పక్కన చిన్న పెట్టె. దాని గొళ్ళెం పాడైనట్టుంది, గట్టి నాడాతో కట్టి, కట్టు మీద పెద్ద గుండీ ఒకటి కుట్టింది.

కొట్టు తాళంచెవి రొట్టెలావిడ చేతిలో పెట్టి, పెట్టె అందుకుని, తిన్నగా వచ్చి అత్తగారి చేతిలో చెయ్యి వేసింది. రాత్రంతా వల్లె వేసినట్టుంది, ఒక్కో అక్షరం కూడబలుక్కుని అంది.

"వెల్లొద్దాం."

వీధి వీధంతా చప్పట్లు కొట్టింది.

టీచరు ఫోను తీసి నిన్నటి మాట వెతికింది. ఫోనుకి వినపడింది వినపడినట్టు అక్షరాల్లో ఉంది అక్కడ. వెళ్ళొస్తాం లేదు. వెళ్ళొద్దాం ఉంది.

"అత్తయ్యా, నిన్న ఇందులో మాట్లాడినప్పుడు మీ నోట్లో ఏముంది?"

"ఏముంటుంది? దారం. పళ్ళతో తెంపుతూ చెప్పాను."

పళ్ళ మధ్య దారప్పోగుంటే స్తా అన్నది ద్దా అయి కూర్చుంది. సెలవు పుచ్చుకోబోయి ముసలావిడని ప్రయాణానికి పిలిచేశారు. ఎప్పుడని ఆవిడ అడిగింది. రేపు పొద్దున్నే అని టీచరు ముహూర్తం కూడా పెట్టింది.

సంగతి అర్థమయ్యాక అత్తగారు గోడ పట్టుకుని నవ్వింది. కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఎందుకు నవ్వుతోందో తెలియకపోయినా ముసలావిడ కూడా నవ్వింది. టీచరుకి మాత్రం నవ్వు రాలేదు. తప్పు దిద్దాలి కదా, ఆవిడ బతుకే దిద్దడం. ఫోనుని రొట్టెలావిడ ముందు పెట్టి ఆవిడెక్కడికి బయల్దేరిందో మెల్లగా అడిగింది.

రొట్టెలావిడ చెప్పింది చెప్పినట్టు ఫోను అప్పజెప్పింది. పుట్టిన దగ్గర్నుంచీ ఈవిడ ఆ కొండకి ఎదురుగానే కూర్చుని ఉంది. కొట్టు కిటికీలోంచి రోజూ చూస్తుంది, పొగ ఎటు తిరిగితే వాన ఎటొస్తుందో వీధికి చెప్తుంది. ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఆ దీవికి పడవ నడిపేది ఈవిడ కొడుకే. ఏటా అడుగుతుంది. వచ్చే ఏడు తీసుకెళ్తానంటాడు ఏటా. ఎవరో పరదేశపు ఆడవాళ్ళు నన్ను రమ్మన్నారని నిన్న సాయంత్రం ఇంటింటికీ వెళ్ళి చెప్పుకుందట.

"చెప్పాలంటారా అత్తయ్యా, పొరపాటని?"

"నీకు నోరొస్తే చెప్పు. నాకైతే రాదు."

టీచరుకీ రాలేదు. రాకపోగా, ఇందాకటి కోపం ఎటు పోయిందో తెలియలేదు. ముసలావిడ పెట్టె తను అందుకుంది. దిగుడు మెట్ల మీద ముగ్గురు ఆడవాళ్ళూ ఒకరినొకరు పట్టుకుని, నవ్వుకుంటూ, తూలుకుంటూ దిగారు. వెనకాల సగం గడ్డం పెద్దమనిషితో సహా వీధంతా దిగింది. పెళ్ళిలో ఎదురుకోలకి వెళ్తున్నంత హడావుడిగా ఉంది టీచరుకి. తన కొండకి తనొక్కతే వెళ్తున్నాననుకుంది ఇన్నాళ్ళూ.

రేవులో టైంకీపరు ఒక కాలు పడవెక్కే పలక మీద, ఒక కాలు పడవలో వేసి, ఒక్క నిమిషం అని వేలు చూపిస్తూ నిలబడ్డాడు. నీళ్ళంటే అతనికి చచ్చేంత భయం. అయినా ఆ కాలు తీయలేదు. అతన్ని పక్కకి నెట్టాలా వద్దా అని చూస్తున్నాడు పడవ నడిపే ఆయన. భారీ మనిషి, ఎండకి కమిలిన మెడ. వచ్చేవాళ్ళలో తల్లిని చూడగానే అతని మొహం మారిపోయింది.

ఏదో అన్నాడు. ఆవిడ అతని పక్కనుంచే పలక ఎక్కి, పడవలోకి దిగి, ముందు బల్ల మీద కూర్చుంది. కోటు సర్దుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, కొండకేసి చూస్తూ కూర్చుంది.

ఆ కూర్చోవడం టైంకీపరు చూశాడు. చూసి తన తల్లి వైపు తిరిగాడు. నీ మోకాళ్ళకి విదేశాలు పడవమ్మా, వచ్చే ఏడు చూద్దాం అని ఈ ప్రయాణానికి ముందు తను ఎన్ని రోజులు పోరాడాడో ఆవిడకీ గుర్తే, అతనికీ గుర్తే. తల్లి పడవెక్కి ముసలావిడ పక్కన కూర్చుంది.

ముసలావిడ కొడుకు ఇంజను ఆపేశాడు.

పడవలో అప్పటికే నిండుగా జనం ఉన్నారు. వాళ్ళలో గొణుగుడు మొదలైంది. మధ్యాహ్నానికి గాలి తిరుగుతుందట, తిరిగితే అటు వైపు ఒడ్డుకి పడవ పట్టదట. అతను టీచరు చేతిలోని ఫోను తన నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడి, తిరిగి ఆమె ముందుకు చాపాడు.

"ఆమె గుండె బలహీనం. ఆమె దిగితే పడవ కదులుతుంది. పిలిచింది మీరు. పొరపాటు అని మీరే చెప్పండి."

అబద్ధం చెప్పమనడం లేదు కదా. పొరపాటే. ఒక్క మాట చెప్తే ఆవిడ దిగుతుంది, ఇంజను రాజుకుంటుంది, సాయంత్రానికి నల్లరాయి ఒకటి చేతిలో ఉంటుంది.

"చెప్పెయ్ అట్లాసూ," అన్నాడు టైంకీపరు చిన్నగా. "నీ కొండ."

టీచరు కొండ వంక చూసింది. పొగ కాస్త ఎడమకి వాలింది. వెనక బెంచీ ప్రశ్న చెవిలో వినిపించింది. మీరు చూశారా టీచర్? ఈవిడైతే చూసింది. రోజూ చూసింది. ఒకరికి బోర్డు మీద, ఒకరికి కిటికీలో, ఇద్దరికీ అంతే దూరంలో ఉండిపోయింది ఆ కొండ. ఆ సంగతి తట్టగానే టీచరుకి ఏడుపూ వచ్చింది, ఒళ్ళంతా ఉత్సాహమూ వచ్చింది.

ముసలావిడ వెనక్కి తిరిగింది. ఆవిడ మొహంలో బెదురు లేదు. ఫోను ఏం చెప్తుందా అని చెవి ఒగ్గి కూర్చుంది. పక్కనే అత్తగారు, కోడలి నోటి వంకే చూస్తోంది.

టీచరు ఫోను దగ్గరికి తీసుకుంది. ఈసారి దారప్పోగు అడ్డం లేదు. ఏ అక్షరమూ జారిపోకుండా, క్లాసులో చివరి బెంచీకి వినపడేలా చెప్పినట్టు చెప్పింది.

"వెళ్ళొద్దాం."

ఫోను ఆ మాటని వాళ్ళ భాషలో పలికింది. ముసలావిడ తల ఊపి మళ్ళీ కొండవైపు తిరిగింది.

పడవ నడిపే ఆయన ఇంజను తాళంచెవి పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. పలక మీద నుంచి గట్టెక్కి, పడవకి వీపు పెట్టి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

జనం కేకలు మొదలుపెట్టారు. ఆ గోల మధ్య టైంకీపరు వాచీ చూసుకోలేదు. దాన్ని విప్పి భార్య చేతిలో పెట్టాడు. పడవలోని కాలు తీసి, పలక దాటి వెళ్ళి, ఆ భారీ మనిషి పక్కన గట్టు మీద కూర్చున్నాడు.

ఒక తల్లి కొడుకు ఇంకో తల్లి కొడుక్కి ఏం చెప్తాడో, ఏ భాషలో చెప్తాడో తెలీదు. ఫోను టీచరు చేతిలోనే ఉండిపోయింది.